నేర్చిన చేతుల సేవ



రాయపూర్ రైల్వే స్టేషన్‌లో విశాఖపట్నం వైపు వెళ్లే బండి కోసం ఎదురుచూసేవారి మధ్య కాసేపు నిలబడితే తెలుగు మాట తప్పకుండా చెవిన పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అదే ప్లాట్‌ఫారం మీద మరికొందరు కూడా తరచు కనిపిస్తారు. ఒకే రకం చీరలు కట్టుకొని, మెడలో చిన్న శిలువతో, చేతిలో ఒక్క సంచితో నిలబడి ఉంటారు. మనం వారిని సిస్టర్లు అంటాం. మీలో చాలామంది వారి బడిలో చదువుకొని ఉంటారు. వారి ఆసుపత్రిలో పుట్టినవారూ ఉండవచ్చు.

వీరి ప్రస్తావన వచ్చినప్పుడు మనం సాధారణంగా ఒకే మాట అంటాం: "ఎంత జాలిగుండె!" ఇది మెచ్చుకోలే, కాదనను. కాని ఇందులో సగం నిజమే ఉంది. జాలి మనందరికీ కలుగుతుంది. రోడ్డు పక్కన పడి ఉన్న మనిషిని చూసి అయ్యో అనుకోని వారెవరు? అయ్యో అనుకున్న తరువాత ఏం చేయాలో తెలియక ముందుకు నడిచి వెళ్లిపోతాం. తేడా అక్కడే ఉంది. పేదలకు మేలు చేసినది సిస్టర్ల జాలి ఒక్కటే కాదు. వారు నేర్చుకున్న పని, ఆ పనిలో ఏళ్ల తరబడి నిలిచిన ఓపిక, చివరకు ఆ పనిని పేదల చేతికే అప్పగించిన వివేకం, ఈ మూడూ మేలు చేశాయి. ఈనాటి ప్రసంగంలో ఈ మూడింటిని కొన్ని ఉదాహరణలతో తెలుసుకుందాం.

సిస్టర్లు అంటే ఎవరు?

ముందుగా కొన్ని మాటలకు అర్థం తెలుసుకోవాలి. క్రైస్తవంలోని కథోలిక శాఖలో, పెళ్లి చేసుకోకుండా, ఒక సభలో చేరి, జీవితమంతా ప్రార్థనకూ సేవకూ అంకితమైన స్త్రీలను మఠకన్యలు అంటారు. వారు ముఖ్యంగా మూడు ప్రమాణాలు చేస్తారు. తెలుగు కథోలికులు ఈ ప్రమాణాన్ని 'మాటపట్టు' అంటారు. చక్కని మాట. ఇచ్చిన మాటను పట్టుకొని ఉండడం అని అర్థం. మొదటిది పేదరికం: సొంత ఆస్తి ఉండదు, జీతం వచ్చినా అది సభకే చెందుతుంది. రెండవది బ్రహ్మచర్యం. మూడవది విధేయత: ఏ ఊరికి పంపితే ఆ ఊరికి, ఏ పని అప్పగిస్తే ఆ పనికి వెళ్లాలి.

ఎవరైనా ఒక యువతి ఈ జీవితం కోరుకున్నంత మాత్రాన మర్నాడే సిస్టరు అయిపోదు. కొంతకాలం అభ్యర్థిగా ఉండాలి. తరువాత నోవిషియేట్ అనే శిక్షణ కాలం గడవాలి. ఆపైన తాత్కాలిక మాటపట్టు, దానిని కొన్నేళ్లు పాటించిన తరువాతే జీవితకాలపు మాటపట్టు. ఈ మధ్యలో ఎప్పుడైనా ఇంటికి తిరిగి వెళ్లే స్వేచ్ఛ ఆమెకు ఉంటుంది. ఈ ఏళ్లలోనే చాలామంది నర్సింగో, ఉపాధ్యాయ శిక్షణో, డాక్టరు చదువో పూర్తిచేస్తారు. అంటే ఒక సిస్టరు పల్లెలో పనిలో దిగేనాటికి ఆమె వెనుక చాలా ఏళ్ల తయారీ ఉంటుంది. తెల్లవారుజామున ప్రార్థన, పగలంతా పని, సాయంత్రం మళ్లీ ప్రార్థన, అందరూ కలిసి భోజనం: ఇదీ దినచర్య. పైకి చూస్తే ఇందులో గొప్ప సాహసమేమీ కనిపించదు. పగలూ రాత్రీ ఒకే పనిని విసుగు లేకుండా చేయడమే ఇందులోని సాహసం.

విశాఖ నుంచి రాయపూర్ దాకా

రాయపూర్ ప్రాంతానికీ తెలుగునేలకూ ఈ విషయంలో ఒక పాత సంబంధం ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ విశాఖపట్నం కేంద్రంగా ఉన్న కథోలిక మిషన్ పరిధి చాలా పెద్దది. తూర్పు సముద్రతీరం నుంచి నాగపూర్ వరకు అది విస్తరించి ఉండేది. 1887లో నాగపూర్ వేరు పడింది. ఛత్తీస్‌గఢ్ మైదానం నాగపూర్ కింద ఉండిపోయి, 1964లో రాయపూర్ ప్రత్యేక మిషన్ ప్రాంతంగా ఏర్పడింది. అది 1984లో మేత్రాసనం, 2004లో అగ్రమేత్రాసనం అయింది. మేత్రాసనం అంటే ఒక బిషప్పు పర్యవేక్షణలో ఉండే ప్రాంతం.

ఆ విశాఖ మిషన్‌కు 1849లో ఫ్రాన్స్‌లోని ఆనెసీ పట్టణం నుంచి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు ఓడలో వచ్చారు. ఆడపిల్లల చదువు గురించి అప్పటికి మన సమాజంలో పెద్దగా ఆలోచన లేదు. వారు మొదట తెరిచింది పాఠశాలలనే. విశాఖలోనే కాక, దూరాన నాగపూర్ పక్కనున్న కాంప్టీ దాకా వెళ్లి బడులు పెట్టారు. విజయనగరం నుంచి రాయపూర్‌కు కొండల మీదుగా రైలుమార్గం పూర్తయింది 1931లో. అంతకు ఎనభై ఏళ్లకు ముందు, ఎడ్లబండ్ల కాలంలో, పరాయి దేశపు స్త్రీలు మధ్యభారతం లోపలి వరకు ప్రయాణించారన్నమాట.

గుంటూరుకు వచ్చిన డాక్టరమ్మ

ఇక మొదటి విషయానికి వద్దాం: సేవకు ముందు చదువు. ఇందుకు మన తెలుగునేల మీదనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఆమె పేరు డాక్టర్ మేరీ గ్లౌరీ.

1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగురా అనే చిన్న ఊళ్లో ఆమె పుట్టారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1910లో పట్టం పొందారు. ఆడవాళ్లు డాక్టర్లు కావడమే అరుదైన రోజులవి. మెల్‌బోర్న్‌లో ఆమె ప్రాక్టీసు బాగా సాగుతోంది. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు డాక్టరమ్మ గురించి. మగ డాక్టరు ముందుకు రాలేని పరదా స్త్రీలు వైద్యం అందక చనిపోతున్నారని తెలిసి, మెక్‌లారెన్ ముదిమి వయసులో రావల్పిండిలో స్త్రీల ఆసుపత్రి పెట్టించడానికి పూనుకున్నారు. ఈ కథ చదివి మేరీ గ్లౌరీ తాను భారతదేశానికి వెళ్లాలని నిశ్చయించుకున్నారు.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆమె మర్నాడే ఓడ ఎక్కలేదు. అప్పటికే డాక్టరు అయినా, అక్కడ ప్రసూతి వైద్యం, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం ఎక్కువ అవసరమవుతాయని ఆలోచించి వాటిలో పైచదువు చదివారు. 1919 చివరలో ఎం.డి. పట్టం తీసుకొని, 1920 జనవరిలో మెల్‌బోర్న్ నుంచి బయలుదేరి, ఫిబ్రవరిలో గుంటూరు చేరుకున్నారు. నిశ్చయానికీ ప్రయాణానికీ మధ్య నాలుగేళ్లకు పైగా గడిచాయి. ఆ నాలుగేళ్లూ వృథా కాలేదు. ఆమె చేసిన సేవలో అవే మొదటి భాగం.

గుంటూరులో అప్పటికి డచ్చి దేశానికి చెందిన జె.ఎం.జె. సిస్టర్లు పనిచేస్తున్నారు. జె.ఎం.జె. అంటే జీసస్, మేరీ, జోసఫ్ అనే పేర్ల మొదటి అక్షరాలు. ఆ సభ 1822లో నెదర్లాండ్స్‌లో పుట్టి, 1904లో గుంటూరుకు వచ్చింది. మేరీ గ్లౌరీ అందులో చేరారు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆనాటి చర్చి నియమాల ప్రకారం మఠంలో చేరినవారు డాక్టరు వృత్తి చేయడానికి వీలులేదు. అందుకని రోము నుంచి పోపు ప్రత్యేక అనుమతి తెప్పించవలసి వచ్చింది. అనుమతి వచ్చింది. సిస్టర్లు వైద్యంలో, ప్రసూతి సేవలో శిక్షణ పొందడాన్ని రోము అందరి విషయంలోనూ ప్రోత్సహించింది 1936లో మాత్రమే. అంటే ఆమె నియమం కంటే పదిహేనేళ్లు ముందు నడిచారు. కాని నియమాన్ని ధిక్కరించి కాదు, అనుమతి అడిగి, దాని కోసం వేచి నడిచారు.

గుంటూరులో ఆమె చేతిలో ఒక చిన్న వైద్యశాల సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది. ఆమె తెలుగు నేర్చుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. కాన్పు కష్టమైన తల్లి తన బాధను తన భాషలోనే చెప్పగలదు కదా! రోగులు రాలేని చోటికి ఆమే వెళ్లారు. స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని కనిపెట్టుకొని ఉండడం నేర్పించారు. నర్సు పనిని తక్కువగా చూసే రోజుల్లో పల్లెటూరి అమ్మాయిలను కూర్చోబెట్టి చదివించడమంటే, మందులతో పాటు గౌరవాన్ని కూడా పంచిపెట్టడమే.

మరొక సంగతి. ఒక ఆసుపత్రి ఎంత పెద్దదైనా ఒక ఊరికే సరిపోతుంది. దేశంలో విడివిడిగా పనిచేస్తున్న సిస్టర్ల వైద్యశాలలన్నీ ఒక మాట మీదకు వస్తే? ఈ ఆలోచనతో ఆమె నాయకత్వాన 1943 జులై 29న కథోలిక ఆసుపత్రుల సంఘం ఏర్పడింది. మొదట కూడినవారు పదహారుమంది సిస్టర్లే. సికిందరాబాదు కేంద్రంగా పనిచేసే క్యాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఆ సంఘమే. మూడు వేలకు పైగా వైద్యశాలలు, ఆరోగ్య సంస్థలు అందులో సభ్యులయ్యాయి. దేశంలో ఒక వైద్య కళాశాల రావాలని కూడా ఆమె కలగన్నారు. ఆమె 1957 మే 5న బెంగుళూరులో కేన్సరుతో కన్నుమూశారు. ఆరేళ్లకు, 1963లో, అదే బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల తెరుచుకుంది. ముప్పై ఏడేళ్లు మన దేశంలో గడిపిన ఆమె మళ్లీ ఆస్ట్రేలియా చూడలేదు.

ఒక పాదాన్ని కడగడం

నేర్చిన పని అంటే డాక్టరు పని ఒక్కటే కాదు. మదర్ తెరెసా గురించి మీకందరికీ తెలుసు. 1979లో నోబెల్ శాంతి బహుమతి, 1980లో భారతరత్న పొందారని పాఠ్యపుస్తకాల్లో చదివారు. 1948లో జరిగిన ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆమె అప్పటికి కలకత్తా కాన్వెంటులో ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయిని. మురికివాడల్లో పనిచేయడానికి అనుమతి దొరకగానే ఆమె నేరుగా మురికివాడకు వెళ్లలేదు. ముందు పాట్నాకు వెళ్లారు. అక్కడ హోలీ ఫ్యామిలీ ఆసుపత్రిలో మెడికల్ మిషన్ సిస్టర్ల దగ్గర, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, మళ్లీ విద్యార్థినిగా చేరి, కొద్ది నెలలు రోగుల పరిచర్య నేర్చుకున్నారు. తన వెంట వచ్చే సిస్టర్లు కూడా నిరుపేదల్లాగే అన్నం, ఉప్పుతో సరిపెట్టుకోవాలని ఆమె అనుకున్నారట. పాట్నా సిస్టర్లు అందుకు ఒప్పుకోలేదు. సరైన తిండి లేకపోతే మీరే క్షయరోగం తెచ్చుకుంటారు, ఇక ఎవరికి సేవ చేస్తారని హెచ్చరించారు. మదర్ ఆ మాట విన్నారు. సేవ చేసే శరీరాన్ని కాపాడుకోవడం కూడా సేవలో భాగమేనని ఆనాడే నేర్చుకున్నారు.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ పాఠానికి ప్రత్యేకమైన విలువ ఉంది. కుష్ఠువ్యాధి ఈ ప్రాంతాన్ని చాలాకాలం పీడించింది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి ఈ వ్యాధి దిగివచ్చింది. కాని ఆ లక్ష్యాన్ని అప్పటికి చేరుకోలేకపోయిన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. అందుచేత కుష్ఠురోగికి పరిచర్య అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను.

ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి నరాలను దెబ్బతీస్తుంది. అందువల్ల పాదానికి స్పర్శ పోతుంది. మీకు కాలిలో ముల్లు గుచ్చుకుంటే వెంటనే ఆగిపోతారు. స్పర్శ లేని మనిషికి ముల్లు గుచ్చుకున్న సంగతే తెలియదు. దాని మీదే నడుస్తాడు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక దాకా పోతుంది. వేళ్లు ఊడిపోవడం వ్యాధి నేరుగా చేసే పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి నొప్పి తెలియకపోవడం వల్ల పదేపదే తగిలే గాయాలే అందుకు ముఖ్య కారణం.

అయితే ఏం చేయాలి? రోజూ పాదాలను నీళ్లలో కాసేపు నాననివ్వాలి. గట్టిపడిన చర్మాన్ని మెల్లగా అరగదీయాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. వేళ్ల సందులు వెతికి చిన్న గాటు ఉన్నా గుర్తించాలి. అడుగున మెత్తని రబ్బరు ఉన్న చెప్పులు వేయించాలి. పుండుకు రోజూ కట్టు మార్చాలి. 1980ల మొదట్లో వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో వ్యాధి ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో పూర్తిగా నయమవుతుంది. ఆ మందులను ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. కాని మందు సూక్ష్మజీవిని చంపుతుందే తప్ప, అప్పటికే పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. అందుకని ఆ పాదాన్ని జీవితాంతం కనిపెట్టుకోవాలి. ఇలాంటి ఆశ్రమాల్లో సిస్టర్లు ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. ఇందులో జాలి పాత్ర మొదటి రోజుకే. మిగిలిన వేల రోజులూ అలవాటు, శ్రద్ధ, నేర్పు పనిచేస్తాయి. ఈ నేర్పును రోగికే నేర్పిస్తే తన పాదాన్ని తానే చూసుకోగలడు. మంచి పరిచారిక చివరికి చేరుకోవలసిన గమ్యం అదే.

పిడికెడు బియ్యం, పెద్ద ధీమా

పనిని పేదల చేతికే అప్పగించడం గురించి ఇప్పుడు చెబుతాను. రాయపూర్‌కు ఉత్తరాన, అడవులూ కొండలూ ఉన్న సర్గుజా, జశ్‌పూర్ ప్రాంతాలకు వెళదాం. అక్కడ ఉరావ్ మొదలైన ఆదివాసులు ఎక్కువ. అంబికాపూర్‌లో, కుంకురిలో హోలీ క్రాస్ సిస్టర్ల ఆసుపత్రులు ఉన్నాయి. అయితే వానకాలంలో వాగులు దాటి ఆసుపత్రి దాకా వచ్చేదెవరు? వచ్చినా డబ్బెక్కడిది?

1970 ప్రాంతంలో ఇక్కడి కథోలిక వైద్యశాలలు కలిసి రాయగఢ్ అంబికాపూర్ హెల్త్ అసోసియేషన్ అనే సంస్థగా ఏర్పడ్డాయి. పల్లెల్లో చిన్న ఆరోగ్య కేంద్రాలు, వాటిలో నర్సు చదువు చదివిన సిస్టర్లు, ఊరికొక శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త, పెద్ద జబ్బులకు ఆసుపత్రి: ఇదీ ఏర్పాటు. 1980 ప్రాంతంలో ఇంకొక అడుగు వేశారు. ఊరివారే ఏటా కొద్దిపాటి డబ్బో, డబ్బు లేకపోతే కొంచెం బియ్యమో చెల్లించి సభ్యులు కావచ్చు. సభ్యుడికి జబ్బు చేస్తే ఊళ్లో మందులు, కేంద్రంలో వైద్యం, ఆసుపత్రి ఖర్చులో ఒక పరిమితి వరకు సాయం దొరుకుతాయి.

ఈనాడు మనం ఆరోగ్య బీమా అనే మాట రోజూ వింటున్నాం. దాని సూత్రాన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక ఊళ్లో వంద కుటుంబాలు ఉన్నాయనుకోండి. ఏడాదిలో వారిలో ఐదుగురికి వెయ్యి రూపాయల చొప్పున ఆసుపత్రి ఖర్చు వస్తుంది. ఎవరికి వస్తుందో ముందుగా తెలియదు. వచ్చిన కుటుంబం ఎద్దునో, పొలాన్నో అమ్ముకుంటుంది. అదే వందమందీ తలా యాభై రూపాయలు వేసుకుంటే ఐదు వేలు అవుతుంది. ఎవరి ఎద్దూ అమ్ముడుపోదు. ఇంతే సూత్రం. ఇందులో లెక్క కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఉచితంగా మందు పుచ్చుకునే మనిషి చేయి కిందుంటుంది. బియ్యం కొలిచి ఇచ్చి సభ్యుడైన మనిషి, మందు ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందని అడగగలడు. ఆ అడిగే హక్కును ఇవ్వడం ఉచితంగా మందు ఇవ్వడం కంటే పెద్ద సేవ.

సిస్టర్లంటే బయటి నుంచి వచ్చినవారే అనుకుంటే పొరపాటు. 1897లోనే రాంచీలో మేరీ బెర్నదెత్ కిస్పొట్టా అనే ఉరావ్ యువతి, మరి ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి, సెయింట్ ఆన్ పుత్రికలు అనే సభకు పునాది వేశారు. పెళ్లికి ఒప్పుకోనందుకు ఇంటివారి నుంచి వారు ఎంతో వ్యతిరేకత ఎదుర్కొన్నారు. ఆనాడు పల్లెటూరి ఆదివాసీ అమ్మాయి నేను ఇలా జీవిస్తానని తన నోటితో చెప్పడమే ఒక పెద్ద మార్పు.

అడగవలసిన ప్రశ్నలు

విద్యార్థులుగా మీరు ఎవరినైనా గౌరవించవచ్చు. కాని ప్రశ్నించడం మానకూడదు. సిస్టర్ల సేవ మీద కూడా ప్రశ్నలు వచ్చాయి. వాటిని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

మొదటి ప్రశ్న వైద్య ప్రమాణాల గురించి. 1994లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్, కలకత్తాలో మదర్ తెరెసా నడిపిన మరణాసన్నుల ఆశ్రమాన్ని చూసి వచ్చి ఒక వ్యాసం రాశారు. అక్కడి శుభ్రతను, ఆదరణను ఆయన మెచ్చుకున్నారు. అయితే నయమయ్యే రోగినీ నయం కాని రోగినీ వేరుచేసి చూసే పద్ధతి సరిగా లేదని, తీవ్రమైన నొప్పిని తగ్గించే మందులు లేవని విమర్శించారు. ఈ విమర్శను మనం కోపంతో తోసిపుచ్చనవసరం లేదు. నేను మొదటినుంచి చెబుతున్న మాటనే అది మరొకవైపు నుంచి చెబుతోంది. ప్రేమ ఎంత ఉన్నా నేర్పు కూడా కావాలి. పాట్నాకు వెళ్లి నేర్చుకున్న మదర్‌కు ఆ సంగతి తెలియనిది కాదు. ఎంత గొప్ప సంస్థ అయినా నేర్చుకోవడం ఆపకూడదని దీని సారాంశం.

రెండవ ప్రశ్న మతం గురించి. సేవ వెనుక మతమార్పిడి ఉద్దేశం ఉందా అని కొందరు అనుమానిస్తారు. ఇది రాయపూర్ పరిసరాల్లో పుస్తకాల్లోని ప్రశ్న కాదు. 2025 జులై 25న, ఇక్కడికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో, కేరళకు చెందిన ఇద్దరు సిస్టర్లను మనుషుల అక్రమ రవాణా, బలవంతపు మతమార్పిడి ఆరోపణలపై అరెస్టు చేశారు. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ప్రత్యేక న్యాయస్థానం వారికి బెయిలు ఇచ్చింది. పార్లమెంటు దాకా ఈ విషయం చర్చకు వచ్చింది. ఆరోపణ వేరు, రుజువు వేరు. రుజువును తేల్చవలసింది న్యాయస్థానం, గుంపు కాదు. ఈ తేడాను చదువుకున్నవారు ఎన్నడూ మరవకూడదు.

మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛను, తన మతాన్ని ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కును ఇచ్చింది. ప్రచారం చేసే హక్కు అంటే మరొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ చట్టానికి సంబంధించిన తీర్పులో చెప్పింది. రాయపూర్ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. ఈ రెండింటినీ కలిపి చదివితే మనకొక కొలబద్ద దొరుకుతుంది. మందు ఇచ్చేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు ఎదుటి మనిషి స్వేచ్ఛకు వెల కట్టకూడదు. అలా వెల కట్టని సేవను, అది ఏ మతం వారు చేసినా, అనుమానంతో అవమానించకూడదు. ఈ కొలబద్దతో గుడినీ మసీదునూ చర్చినీ ప్రభుత్వాన్నీ, చివరకు మనల్ని మనం కూడా కొలుచుకోవచ్చు.

మన వంతు

మిత్రులారా, ఈ ప్రసంగం విని మీరందరూ మఠాల్లో చేరాలని నేను చెప్పడం లేదు. సేవ ఒక మతానికో, ఒక వేషానికో పరిమితం కాదు. 2002లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మితానిన్ పథకం ప్రారంభించింది. ఛత్తీస్‌గఢీ భాషలో మితానిన్ అంటే నెచ్చెలి. ప్రతి పాడాలోను, అంటే ప్రతి చిన్న పల్లెవాడలోను, అక్కడివారే ఎంచుకున్న ఒక స్త్రీకి శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తగా నిలబెట్టారు. దేశమంతటా ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తరువాతే, 2005లో. గుంటూరులో ఒక డాక్టరమ్మ స్థానిక స్త్రీలకు పని నేర్పిన దారీ, కుంకురి కొండల్లో సిస్టర్లు నడిచిన దారీ, మితానిన్ నడిచే దారీ ఒకే దిక్కుకు పోతాయి.

మీలో ఎవరో నర్సు అవుతారు, ఎవరో కంప్యూటరు ఇంజనీరు, ఎవరో బడిపంతులు, ఎవరో ఎలక్ట్రీషియన్ అవుతారు. సేవ చేయాలనిపిస్తే ముందు మీ పనిని బాగా నేర్చుకోండి. సగం నేర్చిన పనితో పేదవాడి దగ్గరకు వెళ్లడం అతనికి అపకారమే. "ఉచితమే కదా, ఎలా ఉంటేనేం" అనే మాట మనసులోకి రానీయకండి. డబ్బున్నవాడు పని బాగాలేకపోతే మరొకరి దగ్గరకు పోతాడు. పేదవాడికి ఆ వీలు లేదు. అందుకే మన పనితనంలో మంచి భాగం అతనికి దక్కాలి.

చివరగా ఒక చీర గురించి చెప్పి ముగిస్తాను. నీలి అంచు తెల్లచీర కట్టిన మదర్ తెరెసా సిస్టర్లను మీరు చూసే ఉంటారు. ఆ చీర ఎక్కడ తయారవుతుందో తెలుసా? కలకత్తాకు దగ్గరలో టిటాగఢ్ అనే చోట, గాంధీజీ పేరు మీద ఉన్న ఒక ఆశ్రమంలో, కుష్ఠువ్యాధి వచ్చి నయమైనవారు మగ్గాల మీద ఆ చీరలు నేస్తారు. ఏ చేతులను లోకం ముట్టుకోవడానికి భయపడిందో, ఆ చేతులే నేసిన బట్టను సిస్టర్లు రోజూ కట్టుకుంటారు. ఇక్కడ ఇచ్చేవారెవరు, పుచ్చుకునేవారెవరు? చెప్పడం కష్టం. అలా చెప్పలేని స్థితికి చేరినప్పుడే సేవ పూర్తయిందనుకోవచ్చు.

ఈ ప్రసంగం విన్న తరువాత మీరు ఆలోచించడానికి మూడు ప్రశ్నలు: మేరీ గ్లౌరీ నాలుగేళ్లు ఆగి చదివిన తరువాతే ఎందుకు బయలుదేరారు? ఉచిత వైద్యానికీ, బియ్యం ఇచ్చి పొందే వైద్యానికీ పేదవాడి గౌరవంలో తేడా ఏమిటి? మీ ఊళ్లో సేవ చేస్తున్న ఒక మనిషి ఆ పనిని ఎక్కడ, ఎలా నేర్చుకున్నారు? మూడో ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. వెళ్లి వారినే అడిగి తెలుసుకోండి.